గచ్చి మీద ఒక తీగ

కామాఠిపురా, ఆరో గల్లీ
ముంబై, జూన్ చివరి వారం

తమ్ముడు దుర్గయ్యకు అక్క మంగళ దీవెనలు.

నీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయాక మన మధ్య ఉత్తరాలే మిగిలాయని నువ్వు బాధపడుతుంటావు. నాకు అందులో బాధేమీ లేదు. ఫోనులో నువ్వు సగం విని మిగతా సగం ఊహించుకునేవాడివి. కాగితం మీద ఆ వీలు ఉండదు. కాబట్టి ఇది తీరిగ్గా చదువు.

మా అద్దెగదుల మేడ, అదే చాల్, దాని కమిటీ నాకు నోటీసు ఇచ్చింది. మేడ పైకప్పు గచ్చి మీద నీళ్ల ట్యాంకు నుంచి మెట్లగది దాకా నేను కట్టుకున్న రేడియో తీగను గణపతి పండుగ లోపల దింపాలట. నేను దింపకపోతే వాళ్లే దింపుతారట. సంతకం సెక్రటరీ శైలేష్‌ది. మునిసిపాలిటీ తెలుగు బడిలో నేను అయస్కాంతాల పాఠం చెప్పినన్నాళ్లూ కడుపునొప్పి అని ఇంటికి పారిపోయిన శైలేషే.

ఫిర్యాదు మాత్రం మూడో అంతస్తు మంగేష్‌ది. వాళ్ల నాన్న కాలం నుంచి గచ్చి మీద పావురాలు పెంచే కుటుంబం కదా. శైలేష్ వెనక నిలబడి తనే చెప్పాడు.

"టీచరమ్మా, బురా అనుకోకుండ్రి. మీ తార్ల కెళ్లి ఏందో లహర్ వస్తది. నా కబూతర్లకు దిమాగ్ ఖరాబ్ అయితుంది. పొద్దుగాల ఎగిరినయ్ పొద్దుమీకి వాపస్ వస్తలేవు."

"నలభై ఏళ్లుగా తగలని తరంగం ఈ వేసవిలోనే తగిలిందా నాయనా?"

"గదంత నాకు తెల్వదు. టవర్ల వల్ల పిచ్చుకలు ఖతమైనయని టీవీల చూపెట్టిండ్రు."

నేను దూరదేశాలతో మాట్లాడే నా హామ్ రేడియో ఇస్త్రీపెట్టె కన్నా తక్కువ కరెంటు తింటుందని చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. రెండో అంతస్తు స్నేహల్ తన బిడ్డ రాత్రిళ్లు ఏడవడానికి కూడా ఆ తీగే కారణమంది. ఇంకెవరో పోలీసుల చెవిన వేశారు. ఒక కానిస్టేబులు వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చూశాడు, దాని కోసం నేను పరీక్ష రాసి పాసయ్యానని విని ఆశ్చర్యపోయాడు. తర్వాత మరాఠీలో నన్ను ఆజీ, అంటే అవ్వా, అంటూ అడగడం మొదలుపెట్టాడు.

"ఎవరితో మాట్లాడతారు, ఆజీ?"

"ఎవరు వింటే వారితో."

"ఏం మాట్లాడతారు?"

"నా గొంతు మీకు ఎలా అందుతోంది, మీ గొంతు నాకు ఎలా అందుతోంది అని. ఆ తర్వాత మీ వైపు వాన పడుతోందా అని."

"దీనికి డబ్బులేమైనా వస్తాయా?"

"తీసుకుంటే నేరం."

"మరి ఎందుకు?"

"నాకు ఇష్టం."

పాపం, అతని ముఖం వాడిపోయింది. గూఢచారి దొరుకుతుందని వచ్చినవాడికి రిటైరైన టీచరు దొరికింది. టీ తాగి వెళ్లిపోయాడు.

తీగను నేను దింపను. ఈ విషయం నీకు ముందుగా తెలియాలనే రాశాను, సలహా కోసం కాదు.

నీ అక్క
మంగళ


మక్తల్
జూలై

అక్కకు దండాలు.

ఉత్తరం అందింది. సలహా వద్దన్నవు గాబట్టే ఇస్తున్న. నువ్వు ఏనాడు అడిగినవు గనక?

అక్కా, నీకు సముద్రాల అవతల ఉన్నోళ్లతోటి మాట్లాడుడు వస్తది గాని పక్కింటోళ్లతోటి మాట్లాడుడు రాదు. "నాకు ఇష్టం" అంటే ఎవడు ఊకుంటడు? ముసలామెకు పిచ్చి అంటరు. పోలీసాయన మంచోడు గనక చాయ తాగి పోయిండు. లోకానికి హామ్ రేడియో అంటే రెండే తెలుసు. ఒకటి గూఢచారి. రెండోది, వరదల్లో భూకంపాల్లో పానాలు కాపాడే దేవుడు. మొదటిది కాదనిపించుకోవాల్నంటే రెండోది అనిపించుకోవాలె. నడుమ ఇంకోటి లేదు.

ముంబై మునిగిన ఆ జూలై వరదలో కరెంటు, ఫోన్లు బందైనప్పుడు హామ్ రేడియోలోళ్లు ఊరంత సందేశాలు చేరేసినరని నువ్వే చెప్పినవు. అందులో నువ్వు గూడ ఉన్నవంటే ఎవడు లెక్కలు తీస్తడు?

నువ్వు అనవు. నాకు తెలుసు. సరే, నువ్వేం అనకు. గణపతి దాక నోరు కట్టుకోని కూసో. పని దానంతట అదే అయితది.

నీ మరదలు మల్లమ్మ నీ మోకాలి నొప్పి ఎట్లున్నదని అడుగుతున్నది. గచ్చి ఎక్కుడు బంద్ చేస్తే తగ్గుతదని చెప్పిన. నా దిక్కు గుర్రుగ చూసింది.

నీ తమ్ముడు
దుర్గయ్య


కామాఠిపురా
ఆగస్టు రెండో వారం

దుర్గయ్యా,

దీవెనలు ఈసారి మల్లమ్మకు మాత్రమే.

సోమవారం ఉదయం శైలేష్ పాలకోవా పేడాల డబ్బాతో వచ్చాడు. చేతిలో మరాఠీ పత్రిక. అందులో నా ఫోటో. శీర్షిక నీకు తెలిసే ఉంటుంది గానీ, నీ చేత మళ్లీ చదివించాలని రాస్తున్నాను: "వరద రాత్రి వందల ప్రాణాలు నిలబెట్టిన రేడియో ఆజీ." మోకాలిలోతు నీళ్లలో నిలబడి తెల్లవార్లూ అగ్నిమాపక దళానికి దారి చూపించానట. రాసింది ప్రాజక్త. నీతో సెంట్రింగ్ పనిచేసిన బుచ్చయ్య కూతురు. ఆ పిల్లకు ఈ కథ ఎవరు చెప్పారో కనుక్కోవడానికి నేను కష్టపడలేదు. ఫోటో నీ ఇంటి పెళ్లిలోది. నా పక్కన నీ భుజం సగం అలాగే ఉంది.

ఆ రాత్రి ఏం జరిగిందో నీకు తెలుసు. కరెంటు లేదు, నా దగ్గర బ్యాటరీ లేదు, యంత్రం మూగబోయింది. నేను మెట్ల మీద కూర్చుని కింది అంతస్తువాళ్ల బియ్యం సంచులు పైకి అందుకున్నాను. నగరంలో మరోచోట నాలాంటి హామ్‌లు నిజంగానే నిద్ర మాని సందేశాలు చేరవేశారు. వాళ్లు పేపరుకెక్కలేదు. వాళ్ల కష్టాన్ని తీసుకొచ్చి నా కొంగున కట్టావు.

ఇప్పుడు ఇక్కడి సంగతి విను. నోటీసు వెనక్కి తీసుకుంటారట. నా తలుపు పక్కన "ఆపత్కాల కేంద్రం" అని బోర్డు పెడతారట. నా తీగ వల్ల నిద్రపోని బిడ్డను స్నేహల్ నా ఒళ్లో పెట్టి, "ఆజీ, నా వచ్చీరాని తెలుగు సంభాళ్ చేసుకోండి, బాబుకు ఆశీర్వాదం కావాలి" అంది. బిడ్డ నా కళ్లజోడు లాగింది. దాదర్‌లో మన తెలుగువాళ్ల సంఘం శాలువా కప్పుతుందట. మంగేష్ ఒక్కడే పేడా తీసుకుని గచ్చి ఎక్కిపోయాడు.

ఇంకొకటి కూడా గమనించాను. పత్రికలో నేను "దక్షిణ ముంబై నివాసి"ని. ప్రాజక్త కూడా ఈ గల్లీలో పుట్టిన పిల్లే. కామాఠిపురా అని రాస్తే చదివేవాడి కళ్లు పక్క గల్లీల్లోని ఒళ్లమ్ముకునే ఇళ్ల వైపే పోతాయని తెలిసి మింగేసింది. నేను రేడియోలో ప్రతిరోజూ పూర్తి చిరునామా చెబుతాను. మన తాతలు ఈ ఊరి గోడలు కట్టి ఈ గల్లీలో కాపురాలు పెట్టారు. సిగ్గుపడవలసినవాళ్లు వేరే ఉన్నారు.

నువ్వు అబద్ధం చెప్పావన్నది కాదు నా కోపం. నా తీగకు ఒక మంచిపని సాకు కావాలని నువ్వు కూడా ఒప్పుకున్నావు. అదీ నా కోపం. సేవ చేస్తేనే ఉండాలంటే, సేవ లేని రోజున దింపాలి కదా? మంగేష్ పావురాలు ఎవరి ప్రాణం కాపాడాయని ఎవరూ అడగలేదు. మెట్ల కింద రాత్రి దాకా క్యారమ్ ఆడే మగవాళ్లను అడగలేదు. మగవాడికి సరదా ఉంటే చాలు. ఆడదాని సరదాకు కారణం చూపించాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం చాల్ మీటింగు. అక్కడ నిజం చెబుతాను. ఈలోగా ప్రాజక్తకు నువ్వే రాసి, వార్త తప్పని ఒప్పుకో.

మంగళ


మక్తల్
ఆగస్టు చివర

అక్కా,

నీ ఉత్తరం మల్లమ్మకు చదివి వినిపించలేదు. తనే గుంజుకోని చదివింది. ఇప్పుడు ఇంట్ల ఇద్దరు తిట్టెటోళ్లయిండ్రు.

తప్పు నాదే. గాని ఎందుకు చేసిన్నో ఒక్కసారి విను. ఇన్నేండ్లు చెప్పని మాట.

నేను బైకల్లా దిక్కు పనిల ఉన్నప్పుడు అది మధ్యల విడిచిపెట్టి వచ్చిన, యాదికున్నదా? కాంట్రాక్టరు పని బంద్ పెట్టిండని నీకు చెప్పిన. అబద్ధం. ఆడ ఒక మేస్త్రి అందరి ముందట అడిగిండు. "దుర్గయ్యా, మీ అక్క లగ్గం చేసుకోలేదు గని రాత్రంత పరదేశపోళ్లతోటి ఏం ముచ్చట పెడ్తది? కామాఠిపురాల మీ ఇంట్ల గిరాకీలకు ఫోన్ గూడ పెట్టిచ్చినావు రా?" అందరు నవ్విండ్రు. నా చేతిల తాపీ ఉండె. ఆయన నుదుటికి తగిలింది. నన్ను పని కెళ్లి తీసేసిండ్రు.

ఒక్కడు గాదు అక్కా. పాన్ డబ్బా కాడ, నీళ్ల నల్ల కాడ, లగ్గాలల్ల. నీ ముందట టీచరమ్మా అనెటోళ్లే. నువ్వు చెవులకు ఆ హెడ్‌ఫోన్ పెట్టుకోని కూసుంటివి, నీకు వినరాలే. అన్ని నేనే విన్న. ఇప్పుడు నా చెవులు పోయినయంటే సగం సంతోషమే.

అందుకే, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ గల్లీ నీ మెడల దండ ఏస్తే చూడాలనుకున్న. నువ్వు ఏం జేయకు. మీటింగుల నోరు తెరవకుండ కూసుంటే చాలు. తీగ ఉంటది, పరువు ఉంటది. నోరు తెరిస్తే రెండూ పోతయ్. పొద్దున లేస్తే నీకు ఆ డబ్బా తప్ప మాట్లాడెటోళ్లు ఎవరున్నరు?

దుర్గయ్య


కామాఠిపురా
సెప్టెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్లజోడు తుడుచుకుని చదివాను. నువ్వు ఆ తాపీ విసిరినందుకు నాకు బాధగా ఉంది, నీ ఉద్యోగం పోయినందుకు ఇంకా బాధగా ఉంది. కానీ ఒక మాట. నేను మంచిదాన్నని వాళ్ల చేత అనిపించడానికి నువ్వు కొట్టావు, అందుకే ఇప్పుడు అబద్ధమూ చెప్పావు. నేను మంచిదాన్నని ఎవరో ఒప్పుకోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. నేను కోరుకున్నది నా తీగ.

మీటింగు అయిపోయింది. ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తున్నాను.

కింద గణపతి మండపం కోసం వేసిన కుర్చీల్లోనే కూర్చున్నారు. శైలేష్ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి పూలదండ తెప్పించాడు. నేను లేచి నిలబడి, దండ వెయ్యక ముందే చెప్పాను: ఆ వార్త అబద్ధం, ఆ రాత్రి నేను ఎవరినీ కాపాడలేదు, నా రేడియో పనిచేయలేదు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. శైలేష్ నవ్వుతూ, "టీచరమ్మకు గర్వం లేదు చూడుండ్రి, చేసినా చెయ్యలే అంటది" అన్నాడు. చప్పట్లు కొట్టారు! చప్పట్లు ఆగేదాకా నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పాఠం అర్థం కానప్పుడు చెప్పినట్టే, నెమ్మదిగా. బియ్యం సంచుల సంగతీ చెప్పాను.

ఈసారి అందరికీ అర్థమైంది.

మంగేష్ లేచాడు. "అయితే గా తార్ దేనికి?"

"నాకు ఇష్టం గనుక."

"బస్? గంతేనా?"

"బస్."

"ఇష్టమని గచ్చి మొత్తం కబ్జా పెట్టుకుంటరా? ఆఁ?"

"నీ పావురాల గూడు ఎంత చోటు తీసుకుంది మంగేష్? అది ఎందుకు?"

"అది నా శౌక్! మా బాపు శౌక్!"

"ఇది నా శౌక్, నా సరదా. మా నాన్నకు లేదు, నేనే మొదలుపెట్టాను. అంతే తేడా."

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. శైలేష్ మాత్రం చిన్నబోయాడు. దండకు ఆర్డరిచ్చినవాడు కదా. "టీచరమ్మా, మీరు ఒక్క మాట అనకుండ చుప్ ఉంటే అయిపోతుండె. ఇప్పుడు నేను దాదర్‌వాళ్లకు ఏం మూతి చూపెట్టాలె?" అన్నాడు. చేతులెత్తమన్నారు. తీగ దింపాలని ఎత్తిన చేతులే ఎక్కువ. స్నేహల్ బిడ్డను రెండు చేతులతో ఎత్తుకుని ఉంది కాబట్టి ఎటూ ఎత్తలేదు.

మరునాడు కమిటీ పంపిన మనుషులను తిప్పి పంపేశాను. నేనే గచ్చి ఎక్కి, ముడులు విప్పి, తీగను చుట్టగా చుట్టి మంచం కింద పెట్టాను. మోకాలు బాగానే సహకరించింది, మల్లమ్మకు చెప్పు.

ఆ డబ్బా తప్ప నాకెవరున్నారని అడిగావు. ఆ ప్రశ్నకు ఇంకోసారి జవాబు రాస్తాను. ప్రస్తుతం గది నిశ్శబ్దంగా ఉంది. అది నాకు అలవాటు లేదు. అంతకన్నా చెప్పను.

మంగళ


మక్తల్
అక్టోబరు మొదట

అక్కా,

ప్రాజక్తకు రాసిన. నేను చెప్పిందంత అబద్ధమని, నా అక్కకు దానితోటి సంబంధం లేదని. ఆ పిల్ల బాగ ఏడ్చిందంట, దాని ఉద్యోగానికి మాటొచ్చిందంట. మళ్ల ధైర్యం చేసి సవరణ వేయించింది. లోపలి పేజీల, సబ్బు ప్రకటన కింద. దాన్ని కత్తిరించి దీంట్ల పెట్టిన. నీ ఇంటి పేరు, గల్లీ పేరు ఈసారి సక్కగ రాసింది.

నువ్వు అక్కడ నిలబడి చెప్పినదంత మల్లమ్మ నా చేత మూడుసార్లు చదివిపిచ్చింది. నాకు పూర్తిగ అర్థం కాలేదు అక్కా. గాని మెడల దండ లేకున్నా నువ్వు గట్లనే కనబడుతున్నవు.

ఒక్క మాట. ఇక్కడికి రా. మా మిద్దె మీద ఎవ్వడూ అడగడు. ఈ చివర కెళ్లి ఆ చివరి దాక కట్టుకో. ఆకాశమంత నీదే. గదిలో చప్పుడు లేదని రాసినవు. అది చదివినకాడి నుంచి నాకు అన్నం తినబుద్ధి అయితలేదు.

దుర్గయ్య


కామాఠిపురా, ఆరో గల్లీ
నవంబరు

చిరంజీవి దుర్గయ్యకు, మల్లమ్మకు దీవెనలు.

నువ్వు అబద్ధాన్ని సరిదిద్దుకున్నావు. మన మధ్య ఆ లెక్క తీరింది. మక్తల్‌కు తప్పకుండా వస్తాను, పండుగలప్పుడు కాదు, మామిడికాయల కాలంలో. మల్లమ్మ చేతి పచ్చిపులుసు కోసం వస్తాను. తీగ కట్టుకోవడానికి మాత్రం రాను. ఎవరూ లేని చోట ఎవరూ అడ్డుచెప్పకపోవడం గెలుపు కాదు. నేను పుట్టిన చోట, నేను అద్దె కడుతున్న చోట నా తీగ ఉండాలి.

ఇక వార్త.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మంగేష్ వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"టీచరమ్మా, తార్ తీసినాంక గూడ కబూతర్లు వస్తలేవు."

"ఎందుకొస్తాయి? నా తీగకూ వాటికీ సంబంధం లేదని జూన్‌లోనే చెప్పాను."

గోడ గీకాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు. నాగ్‌పాడాలో రితేశ్ అని ఒక కుర్రాడు కొత్తగా పావురాలు పెట్టాడట. ఇతని పావురాలు పైకి లేచిన వేళ చూసి తన గుంపును ఎగరేస్తాడట. ఇవి వాటిలో కలిసిపోయి అతని గచ్చి మీదే దిగుతున్నాయట. అలా దిగిన పావురాన్ని వెనక్కి అడగకూడదన్నది వాళ్ల ఆటలో కట్టుబాటు.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఎండాకాలం కెళ్లి."

"తెలిసి నా తీగ మీద వేశావా?"

"ఏం జేయాలె మరి? మా బాపు కబూతర్లంటే ఫోరస్ రోడ్ దాక నామ్ ఉండె. నిన్నగాక మొన్నొచ్చిన పోరడు నా జానవర్లను గుంజుకపోతుండంటే ఎట్ల చెప్పుకోవాలె? కబూతర్‌బాజ్‌కు గంతకన్న బేఇజ్జత్ లేదు. మీరు ఒక్కలే ఉంటరు, ముసలోళ్లు, మీ డబ్బా ఏందో ఎవరికి సమఝ్ గాదు. మీ మీద ఏస్తే సబ్ నమ్ముతరనుకున్న."

దుర్గయ్యా, నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ గర్వం నాకు తెలిసినదే. తన పావురాల కోసం తల వంచలేక పక్కవాళ్ల మీద రాయి వేశాడు. ఇన్ని నెలలకు, నా తీగను ఎందుకు దింపించారో ఒకరు సరిగ్గా చెప్పారు: అదేమిటో ఎవరికీ తెలియదు గనుక.

"నా కబూతర్ల గూడు మీద బొంగు పాతుత. దానికి కట్టుకోండి. నా గూటి మీద ఎవడు అడుగుతడో చూస్త" అన్నాడు.

"వద్దు. నీ దయతో చాటుగా కట్టుకోను. మళ్లీ మీటింగు పెట్టమను. అక్కడ చెప్పు."

"కబూతర్లు పోయినయని అందరి ముందట చెప్పాల్నా?"

"అది చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. నా తీగ ఎందుకు ఉండాలో మాత్రం చెప్పు."

వెళ్లిపోయాడు. మళ్లీ రాడనుకున్నాను.

దీపావళి అయిన తర్వాతి ఆదివారం మీటింగు. నీళ్ల పంపు రిపేరు గురించి గంటసేపు పోట్లాడుకున్నారు. ఆఖరున మంగేష్ లేచాడు. చెమటలు పట్టేశాయి పాపం. రితేశ్ సంగతి మొత్తం చెప్పేశాడు. మగవాళ్లు ఈలలు వేశారు. "అరే మంగ్యా, నీ కబూతర్లు అత్తగారింటికి పోయినయా!" అని ఒకడు అరిచాడు. మంగేష్ నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు.

"నవ్వుండ్రి. గని తార్‌ది తప్పేం లేదు. టీచరమ్మది శౌక్, నాది శౌక్. రెండిట్ల దేనికి ఫాయిదా లేదు. నాది ఉంటే ఆమెది ఉంటది. ఆమెది వద్దంటే నా గూడు నేనే ఇప్పుత, రేపే."

ఈసారి మొదట చెయ్యెత్తింది స్నేహల్. బిడ్డను పక్కావిడ ఒళ్లో పెట్టి మరీ ఎత్తింది. "బాబు తార్ లేకపోయినా ఏడుస్తున్నాడు, వాడికి పళ్లు వస్తున్నాయి" అంది. తర్వాత ఆడవాళ్లు, తర్వాత క్యారమ్ ఆడేవాళ్లు. ఎవరి సరదా ఎప్పుడు మీటింగుకు వస్తుందోనని వాళ్లకూ భయం పట్టుకుని ఉంటుంది.

శైలేష్ తీర్మానం రాయడానికి పెన్ను తీశాడు. "దేనికోసం అనుమతి ఇచ్చినమో రాయాలె, టీచరమ్మా. 'ఆపత్కాల సేవ' అని రాస్త. రేపు కొత్త కమిటీ వస్తే గూడ ఎవడూ కదిలించలేడు."

"కొట్టెయ్యి."

"అరే, మీ మంచికే చెప్తున్న! ఖాలీ పెడితే కాగితం ఎట్ల నిలుస్తది?"

"ఖాలీ పెట్టవద్దు. నేను చెబుతాను, నువ్వు రాయి."

బడిలో డిక్టేషన్ చెప్పినట్టే ఒక్కొక్క మాట విడదీసి చెప్పాను. నాలుక బయటపెట్టి రాశాడు, అప్పటిలాగే. రాసి, అందరికీ వినపడేలా చదవమన్నాను. లేచి నిలబడి చదివాడు:

"మంగళ టీచరుగారి రేడియో తీగ గచ్చి మీద ఉండును. దాని వలన చాల్‌కు ఏ ఉపయోగమూ లేదు. అది ఆమెకు ఇష్టము."

అందరి ముందూ దాని కింద నా సంతకం చేశాను.

నీ అక్క
మంగళ